“సార్, ప్లాట్ చూస్తారా?” స్పామ్ కాల్స్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా బంధువుల్లో ఎవరికి అక్కర్లేని ఫోన్ వచ్చినా ఆ తర్వాతి ఫోన్ నాకే వస్తుంది. “ఒరేయ్, ఆ డీఎన్‌డీ ఏదో పెట్టావుగా, మాకూ చెప్పు” అంటారు. ఒకే జవాబు పాతికసార్లు చెప్పాక, వాళ్లు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు రాసి పెట్టుకున్నాను. మీకు కావాల్సింది వెతుక్కుని అదొక్కటే చదువుకోవచ్చు.

## ముందుగా చేసుకోవాల్సింది

అసలు నా నంబర్ వీళ్లకి ఎవరిచ్చారు?

చాలాసార్లు మనమే. మాల్‌లో కొత్త కారు నిలబెట్టి పక్కన పెట్టిన లక్కీ డ్రా డబ్బా, సూపర్‌మార్కెట్ బిల్లు కౌంటర్, ఉద్యోగాల సైట్, ప్లాటు ధర ఎంతో చూద్దామని ఒక్కసారి నంబర్ కొట్టిన రియల్ ఎస్టేట్ సైట్, ఇలా ఎక్కడో ఒకచోట ఇచ్చే ఉంటాం. మా పక్కింటి అమ్మాయి డిగ్రీ అయ్యాక నాలుగు నెలలు టెలికాలర్‌గా చేసింది. రోజూ పొద్దున ఒక ఎక్సెల్ షీటు చేతికిచ్చేవారట. అందులో పేరు, నంబర్, ఉండే ఏరియా, కొందరికైతే అపార్ట్‌మెంట్ పేరు కూడా ఉండేదట. ఆ షీటు ఎన్ని చేతులు మారి వచ్చిందో ఆమెకీ తెలియదు. ఇప్పటికే బయటికి పోయిన నంబర్‌ని వెనక్కి తెచ్చుకోలేం. బిల్లు కౌంటర్లో “నంబర్ చెప్పండి” అంటే “అవసరం లేదండీ” అనే హక్కు మాత్రం మనకుంది.

డీఎన్‌డీ ఎలా పెట్టుకోవాలి?

డీఎన్‌డీ అంటే ‘డు నాట్ డిస్టర్బ్’, అమ్మకపు కాల్స్, మెసేజ్‌లు నాకొద్దని నంబర్ నమోదు చేసుకోవడం. మీ ఫోన్ నుంచి 1909కి కాల్ చేసి వాళ్లు చెప్పిన అంకెలు నొక్కితే చాలు. కాల్‌కి డబ్బులు పడవు. మెసేజ్ పంపేవాళ్లు ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ‘స్టార్ట్’ అని రాసి, ఒక ఖాళీ వదిలి, సున్నా అంకె వేసి 1909కే పంపాలి. సున్నా అంటే ప్రకటనలన్నీ ఆపమని. బ్యాంకింగ్, రియల్ ఎస్టేట్, చదువులు, ఆరోగ్యం అని విడివిడిగానూ ఎంచుకోవచ్చు గానీ, నా సలహా అన్నీ ఆపేయమనే. మీ సిమ్ కంపెనీ యాప్‌లోనూ, టెలికాం కంపెనీలకు నిబంధనలు పెట్టే ట్రాయ్ వారి డీఎన్‌డీ యాప్‌లోనూ ఇదే పని చేయొచ్చు. ఇంట్లో ఎన్ని సిమ్‌లుంటే అన్నిటికీ విడివిడిగా చేయాలి.

డీఎన్‌డీ పెట్టినా కాల్స్ ఆగలేదు. ఇదంతా దండగేనా?

దండగ కాదు, సగం పనే. రిజిస్టర్ చేసుకుని చట్టప్రకారం అమ్ముకునే టెలిమార్కెటర్లకు 140తో మొదలయ్యే నంబర్లు ఉంటాయి. వాళ్లు కాల్ చేసేముందు డీఎన్‌డీ జాబితా చూడాలి కాబట్టి వాళ్ల బెడద తగ్గుతుంది. కానీ మన ప్రాణం తీసేది వాళ్లు కాదు. మామూలు పదంకెల సిమ్ పెట్టుకుని, ఎక్కడా రిజిస్టర్ కాకుండా “శంషాబాద్ దగ్గర ఓపెన్ ప్లాట్లు సార్, హెచ్‌ఎండీఏ అప్రూవ్డ్” అనేవాళ్లు. ఆ జాబితా ఒకటుందని కూడా వాళ్లకి పట్టదు. వాళ్లకి మందు ఫిర్యాదే. ఇక మూడో రకం, దొంగలు. వాళ్లు ఏ జాబితాకీ లొంగరు, వాళ్లతో పని పోలీసులది. వచ్చిన కాల్ ఈ మూడింటిలో ఏదో తెలిస్తే ఏ తలుపు తట్టాలో తెలిసిపోతుంది.

ఇంకొకటి. ఏదో ఫారంలో “మాకు కాల్ చేయవచ్చు” అన్న చోట టిక్కు పెట్టి ఉంటే, డీఎన్‌డీ ఉన్నా ఆ కంపెనీ కాల్ చేయొచ్చు. ఆ అనుమతిని విడిగా వెనక్కి తీసుకోవాలి.

డీఎన్‌డీ పెడితే బ్యాంక్ ఓటీపీలు కూడా ఆగిపోతాయా?

ఆగవు. ఓటీపీ, డబ్బు జమ అయిన మెసేజ్, రైలు టికెట్ సమాచారం, ప్రభుత్వ సందేశాలు యథాప్రకారం వస్తాయి. ఆగేది ప్రకటనలే.

ఎన్నికలప్పుడు వచ్చే రికార్డెడ్ వాయిస్ కాల్స్, ఐవీఆర్‌ఎస్ సర్వేలు?

“మీ ఎమ్మెల్యే పనితీరు బాగుంటే ఒకటి నొక్కండి” కాల్స్ గురించేగా? డీఎన్‌డీ పెట్టింది సరుకులూ సేవలూ అమ్మేవాళ్ల కోసం. సర్వేలకు అది పెద్దగా అడ్డుపడదు. పథకం డబ్బులు అందాయా అంటూ ప్రభుత్వం చేసే కాల్స్‌నీ ఆపదు. ఇష్టమైతే నొక్కండి, లేకపోతే పెట్టేయండి. ఆధార్ నంబరో, బ్యాంకు వివరాలో అడిగితే మాత్రం అది సర్వే కాదు.

## ఫోన్ మోగుతున్నప్పుడు

నంబర్ చూసి ఎవరో చెప్పవచ్చా?

కొంతవరకు. 140తో మొదలైతే ఏదో అమ్మడానికి. 1600తో మొదలయ్యే పదంకెల నంబర్ బ్యాంకులు, బీమా సంస్థలు, ప్రభుత్వం లాంటివాళ్లు సేవలకు సంబంధించిన కాల్స్ కోసం వాడాల్సిన సిరీస్. కాబట్టి మామూలు మొబైల్ నంబర్ నుంచి “బ్యాంక్ నుంచి మాట్లాడుతున్నాం, మీ కేవైసీ గడువు అయిపోయింది” అంటే అక్కడే అనుమానించాలి. అలాగని 1600 కనిపించగానే ఓటీపీ చదివి వినిపించకండి. ఏ సిరీస్ నుంచి అడిగినా ఓటీపీ చెప్పకూడనిదే.

040తో మొదలైంది, మన హైదరాబాదేగా అని ఎత్తాను. అదీ స్పామేనా?

ఇప్పుడు ల్యాండ్‌లైన్ కోడ్ ఉన్నంత మాత్రాన నమ్మడానికి లేదు. ఒక్క ఆఫీసు పేరు మీద వందల నంబర్లిచ్చే పీఆర్‌ఐ, సిప్ లైన్లుంటాయి. ఒకటి బ్లాక్ చేస్తే పక్క నంబర్ నుంచి మోగుతుంది. వీటి దుర్వినియోగం మరీ పెరగడంతో రిజిస్టర్ కాని టెలిమార్కెటర్ల లైన్లన్నీ కోసేయమని 2024 ఆగస్టులో ట్రాయ్ ఆదేశించింది. నెల తిరక్కముందే 2.75 లక్షల కనెక్షన్లు పోయాయి, 50 సంస్థలు బ్లాక్‌లిస్టులోకి వెళ్లాయి. ఆ తర్వాత కొన్నాళ్లు నా ఫోన్ హాయిగా ఉంది. మళ్లీ మొదలైంది, అది వేరే విషయం.

ఎత్తి హలో అంటే అవతల ఎవరూ మాట్లాడరు. భయపడాలా?

అక్కర్లేదు. కాల్ సెంటర్లలో యంత్రం ఒకేసారి చాలామందికి డయల్ చేస్తుంది. మీరు ఎత్తే సమయానికి అక్కడ మనిషి ఖాళీ లేకపోతే అది మూగ కాల్. నంబర్ పనిచేస్తోందా లేదా చూసుకోవడానికి చేసేవాళ్లూ ఉంటారు. “హలో అంటే అకౌంట్ ఖాళీ” అని వాట్సాప్‌లో తిరిగే మాట నిజం కాదు. డబ్బు పోవాలంటే మీరు ఏదో ఒకటి చెప్పాలి, నొక్కాలి, లేదా ఇన్‌స్టాల్ చేయాలి.

విదేశీ నంబర్ నుంచి ఒక్క రింగ్ ఇచ్చి కట్ చేశారు. తిరిగి చేయనా?

చేయకండి. మీరు తిరిగి చేస్తే నిమిషానికి ఎక్కువ చార్జీ పడే లైన్‌కి కలుస్తుంది, అందులో వాళ్లకి వాటా ఉంటుంది. ఆ దేశంలో మీవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల అసలు నంబర్‌కే చేసి కనుక్కోండి.

వాట్సాప్‌లో +84, +62, +254 నంబర్ల నుంచి కాల్స్ వస్తున్నాయి. వీటికి డీఎన్‌డీ పనిచేయదా?

పనిచేయదు. అవి ఇంటర్నెట్ కాల్స్. వియత్నాం, ఇండోనేషియా, కెన్యా కోడ్లతో 2023 మేలో ఇవి మన దేశమంతా వెల్లువెత్తాయి. తర్వాతి నెలలోనే వాట్సాప్ తెలియని నంబర్లను సైలెంట్ చేసే ఏర్పాటు తెచ్చింది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో కాల్స్‌కి వెళ్లి అది ఆన్ చేయండి. ఫోన్ మోగదు, ఎవరు చేశారో జాబితాలో మాత్రం కనిపిస్తుంది.

తెలియని నంబర్లన్నీ సైలెంట్‌లో పెట్టేస్తే పీడ పోతుంది కదా?

మీ ఇంటికి గ్యాస్ బండ, కొరియర్, ప్లంబర్ ఎప్పుడూ రాకపోతే పెట్టేయొచ్చు. ఐఫోన్‌లో, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ సౌకర్యం ఉంది. కానీ ఉద్యోగం వెతుక్కునేవాళ్లు, ఆస్పత్రిలో మనుషులున్నవాళ్లు, స్కూలు పిల్లల తల్లిదండ్రులు అలా చేయలేరు. స్పామ్ అని తేలినవాటినే ఆపే ఫిల్టర్ ఆన్ చేసుకోవడం మధ్యేమార్గం. గూగుల్ ఫోన్ యాప్‌లో అది ఉంటుంది. ఎయిర్‌టెల్ లాంటి కంపెనీలు 2024 సెప్టెంబరు నుంచి తమ నెట్‌వర్క్‌లోనే “స్పామ్ కావచ్చు” అని చూపిస్తున్నాయి.

ట్రూకాలర్ పెట్టుకోమంటారా?

నేను పెట్టుకోలేదు. అందులో కనిపించే పేర్లు చాలావరకు ఎవరో తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవి, లేదా వాడేవాళ్లు చెప్పినవి. ప్రభుత్వ రికార్డు కాదు. దొంగ కూడా “బ్యాంక్ కస్టమర్ కేర్” అని పేరు పెట్టుకోవచ్చు. ఎరుపు రంగులో స్పామ్ అని చూపిస్తే నమ్మండి, మంచి పేరు చూపిస్తే నమ్మకండి. అంతవరకు పనికొస్తుంది. సిమ్ తీసుకున్నప్పటి ఫారంలోని పేరే తెరమీద చూపించే సీఎన్‌ఏపీ పద్ధతిని ట్రాయ్ 2024 ఫిబ్రవరిలో సిఫార్సు చేసింది. మీ సిమ్ మీ నాన్నగారి పేరున ఉంటే ఆ పద్ధతిలో అవతలివాళ్లకి కనిపించేది ఆయన పేరే.

ఫోన్ చేసినవాళ్లని గట్టిగా తిడితే మళ్లీ చేయరంటారు, నిజమేనా?

నేను తిట్టి చూశాను. మళ్లీ చేశారు. రోజుకి వందల కాల్స్ టార్గెట్ ఉన్న పిల్లలు వాళ్లు, తిట్లు వాళ్లకి జీతంలో భాగం. “ఏ కంపెనీ, ఏ ప్రాజెక్టు అమ్మా?” అని నెమ్మదిగా అడిగి, ఆ పేరు రాసుకుని పెట్టేయండి. ఫిర్యాదులో రాయడానికి పనికొస్తుంది.

## ఫిర్యాదు చేయాలనుకున్నప్పుడు

స్పామ్ కాల్ మీద ఫిర్యాదు ఎక్కడ, ఎలా?

1909కే. మెసేజ్‌లో కాల్ దేని గురించో ఒక ముక్క, కామా, వాళ్ల నంబర్, కామా, తేదీ రాసి పంపండి. డీఎన్‌డీ యాప్‌లోనైతే కాల్ జాబితాలోంచి నంబర్ ఎంచుకుంటే సరిపోతుంది. కాల్ వచ్చిన 7 రోజుల్లోపు చేయాలి. ఇదివరకు 3 రోజులే ఉండేది, 2025 ఫిబ్రవరిలో నిబంధనలు మార్చారు. నా మొదటి ఫిర్యాదులో తేదీ వేయడం మరిచిపోతే మా సిమ్ కంపెనీవాళ్లు చెల్లదని మెసేజ్ పెట్టారు. తప్పు నాదే అయినా, ఒక్క ఫోన్ చేసి అడగొచ్చు కదా అనిపించింది. ఇప్పుడు మీ నంబర్, వాళ్ల నంబర్, తేదీ, విషయం నాలుగూ ఉంటే ఫిర్యాదు చెల్లినట్టే తీసుకోవాలని నిబంధనల్లోనే ఉంది.

నేను డీఎన్‌డీ పెట్టుకోలేదు. అయినా ఫిర్యాదు చేయొచ్చా?

పదంకెల మామూలు నంబర్ నుంచి అమ్మేవాళ్ల మీద చేయొచ్చు. రిజిస్టర్ కానివాళ్ల విషయంలో మీకు డీఎన్‌డీ ఉండాలన్న షరతును 2025లో తీసేశారు. 140 నంబర్ల మీద ఫిర్యాదు నిలబడాలంటే మాత్రం ముందు డీఎన్‌డీ ఉండాలి.

నేనొక్కడినే ఫిర్యాదు చేస్తే ఏమవుతుంది?

అందరూ అడిగేది ఇదే, అందరూ ఆగిపోయేదీ ఇక్కడే. రిజిస్టర్ కాని నంబర్ మీద 10 రోజుల్లో 5 ఫిర్యాదులు వస్తే వాళ్ల సిమ్ కంపెనీ చర్య మొదలుపెట్టాలి. పాత లెక్క 7 రోజుల్లో 10. ఐదుగురంటే ఎంతమంది? ఒక అపార్ట్‌మెంట్‌లో ఒక అంతస్తు. అదే నంబర్ మీ వాళ్లలో నలుగురికి వచ్చిందేమో అపార్ట్‌మెంట్ గ్రూపులో అడగండి. మొదటిసారి దొరికితే ఆ సంస్థ ఫోన్ల నుంచి 15 రోజులు బయటికి కాల్స్ వెళ్లవు. మళ్లీ చేస్తే వాళ్ల పేరు మీదున్న లైన్లన్నీ ఏడాదిపాటు కట్, అదీ అన్ని కంపెనీల్లో. చర్యకు ఇదివరకు 30 రోజుల గడువుండేది, ఇప్పుడు 5 రోజులు.

మీ ఫోన్లో బ్లాక్ కొడితే ఆ నంబర్ మీకొక్కరికే ఆగుతుంది, వాడి వ్యాపారానికి పైసా నష్టం లేదు. నేనైతే ముందు ఫిర్యాదు, తర్వాతే బ్లాక్.

చక్షు అంటే ఏమిటి? 1909కీ దానికీ తేడా?

కేంద్ర టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో చక్షు ఒక భాగం, 2024 మార్చిలో మొదలైంది. అమ్మకపు కాల్స్‌కి 1909. కరెంటు కట్ చేస్తామని, కేవైసీ పోయిందని, పోలీసులమని మోసం చేయబోయిన కాల్, మెసేజ్, వాట్సాప్ అయితే చక్షు. డబ్బు పోకముందు మాత్రమే. మన దేశపు నంబర్‌లా కనిపిస్తూ విదేశాల నుంచి వచ్చిన కాల్‌నీ సంచార్ సాథీలో చెప్పవచ్చు. అలాంటి దొంగ +91 కాల్స్‌ని సరిహద్దులోనే ఆపే వ్యవస్థ 2024 అక్టోబరులో మొదలైనప్పుడు తొలి 24 గంటల్లోనే 1.35 కోట్ల కాల్స్ ఆపిందని కేంద్రం చెప్పింది.

నా పేరు మీద ఇంకెవరైనా సిమ్‌లు తీసుకుని ఇలాంటివి చేస్తున్నారేమో?

సంచార్ సాథీలో మీ నంబర్, ఓటీపీ కొడితే మీ పేరున ఉన్న కనెక్షన్లన్నీ వస్తాయి. ఈ సౌకర్యాన్ని 2021లో మొదట పెట్టింది మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే. మీది కాని నంబర్ ఎదురుగా “నాది కాదు” అని నొక్కితే కంపెనీ విచారిస్తుంది. ఒకరి పేరున 9 సిమ్‌ల దాకా ఉండొచ్చు. ఎప్పుడో మీరే తీసి పారేసిన పాత సిమ్ కనిపిస్తే కంగారు పడక “అవసరం లేదు” అని నొక్కండి.

## బెదిరించినప్పుడు, డబ్బు పోయినప్పుడు

ట్రాయ్ నుంచి ఫోన్, రెండు గంటల్లో నా నంబర్ కట్ చేస్తారట!

ట్రాయ్ ఎవరి నంబర్‌నీ అలా కట్ చేయదు, అందుకోసం ఎవరికీ ఫోన్ చేయదు. “తొమ్మిది నొక్కండి” అన్నారంటే పెట్టేయండి. నొక్కితే వచ్చేది నకిలీ పోలీసు.

వీడియో కాల్‌లో పోలీసు యూనిఫాం, “డిజిటల్ అరెస్ట్” అంటున్నారు. కాల్ కట్ చేస్తే కేసవుతుందా?

కాదు. మన చట్టాల్లో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. పోలీసు, సీబీఐ, ఈడీ ఎవరూ వీడియో కాల్‌లో కూర్చోబెట్టి విచారించరు, డబ్బు “వెరిఫికేషన్ ఖాతా”కి పంపమనరు. 2024 అక్టోబరు 27న ప్రధాని తన మన్ కీ బాత్‌లో దీని గురించే మాట్లాడారు.

కథ ఇలా నడుస్తుంది. మీ పేరున పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయంటారు, లేదా మీ ఆధార్‌తో మనీ లాండరింగ్ జరిగిందంటారు. ఆ తర్వాత చెప్పేదే అసలు మాట: “ఎవరికీ చెప్పకండి, గదిలోంచి బయటికి రాకండి”. వాళ్ల బలమంతా ఆ ఏకాంతమే. చదువుకున్నవాళ్లు, రిటైరైన ఆఫీసర్లు కూడా పడిపోతున్నది తెలివితక్కువై కాదు, పరువుకి భయపడి. ఆ క్షణంలో గది తలుపు తీసి పక్కింటివాళ్లని పిలిస్తే కథ అక్కడితో ఆగిపోతుంది.

కొరియర్ అబ్బాయి ఏదో కోడ్ డయల్ చేయమన్నాడు, చేసేశాను.

స్టార్ 21 స్టార్ లేదా స్టార్ 401 స్టార్ అని మొదలై, చివర ఒక ఫోన్ నంబర్ ఉన్న కోడ్ అయితే మీ కాల్స్ వాడికి మళ్లిపోతుంటాయి. ఓటీపీ కాల్స్‌తో సహా. చాలా నెట్‌వర్క్‌లలో #​#002# డయల్ చేస్తే మళ్లింపులన్నీ రద్దవుతాయి. మీ ఫోన్‌లో కుదరకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌తో తీయించండి. తర్వాత వాట్సాప్‌లో రెండంచెల పిన్ పెట్టుకోండి.

డబ్బు పోయింది. ముందు బ్యాంకుకా, పోలీస్ స్టేషన్‌కా?

ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930. రెండు రాష్ట్రాల్లోనూ ఇదే నంబర్. పోయిన మొత్తం, సమయం, మీ ఖాతా వివరాలు, యూపీఐ అయితే ఆ 12 అంకెల రిఫరెన్స్ నంబర్ దగ్గర పెట్టుకుని చేయండి. డబ్బు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి దూకుతూ పోతుంటుంది. ఎక్కడ ఉంటే అక్కడ ఆపించడానికే ఈ నంబర్, అందుకే నిమిషాలు లెక్క. లైన్ దొరక్కపోతే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో వెంటనే ఫిర్యాదు నమోదు చేయండి. ఇంట్లో ఇంకొకరు అదే సమయంలో బ్యాంకుకి చేసి ఖాతా, కార్డు ఆపించాలి. మీ ఫోన్‌ని వాళ్లు దూరం నుంచి నడిపే ఎనీడెస్క్ లాంటి యాప్ గానీ, “చలాన్” పేరుతో వచ్చిన ఏపీకే ఫైలు గానీ వేయించి ఉంటే ముందు ఆ ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వేరే ఫోన్ నుంచి ఇవన్నీ చేయండి.

మా బావమరిది అప్పుకి నాకు ఫోన్లు చేస్తున్నారు. ఇది స్పామా?

ఇది వసూళ్ల వేధింపు. రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులో చెప్పిన ప్రకారం వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు, అప్పు తీసుకున్నవాళ్ల బంధుమిత్రులని అవమానించకూడదు. తేదీ, టైమ్ రాసుకుని ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా నచ్చకపోతే, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లవచ్చు. వివరాలకు 14448.

## ఇంటి ఫోన్, ఇంట్లో పెద్దవాళ్లు

ల్యాండ్‌లైన్‌కి డీఎన్‌డీ ఉంటుందా?

ఉంటుంది. ఆ ల్యాండ్‌లైన్ నుంచే 1909 డయల్ చేసి నమోదు చేయాలి. చిక్కేమిటంటే పాత ఫోన్లో ఎవరు చేశారో కనిపించదు, నంబర్ లేకుండా ఫిర్యాదు చేయలేం. నంబర్ చూపించే సెట్టు కొనుక్కుని, కాలర్ ఐడీ సౌకర్యం ఉందో లేదో కంపెనీని అడగండి. తెనాలిలో మా నాన్నగారికి అదే పెట్టించాను. ఇప్పుడాయన కళ్లజోడు వెతికి, నంబర్ చదివి, తర్వాత ఎత్తుతారు. అప్పటికి సగం కాల్స్ వాటంతట అవే ఆగిపోతాయి.

అమ్మకి ఎంత చెప్పినా ప్రతివాడితోనూ మర్యాదగా మాట్లాడుతుంది. ఏం చేయను?

మా అమ్మ అయితే లోన్ కావాలా అన్నవాడిని భోంచేశావా నాయనా అని అడుగుతుంది. మానమంటే మానరు. అందుకని ఒకే ఒక్క మాట నేర్పాను: “మా అబ్బాయిని అడిగి చెబుతాను, పెట్టేయ్ బాబూ”. డబ్బు, ఆధార్, ఓటీపీ ఏ మాట వచ్చినా ఇదే. దొంగకి దీని మీద తిరుగు మాట దొరకదు, అమ్మకి మర్యాద తప్పినట్టూ ఉండదు. 1930, నా నంబర్ పెద్ద అంకెల్లో రాసి ఫోన్ పక్క గోడకి అతికించాను.

అమెరికాలో ఉన్న మా అమ్మాయికీ ఇదే గోల. అక్కడేం చేయాలి?

అక్కడ 2003 నుంచి జాతీయ డు నాట్ కాల్ రిజిస్ట్రీ ఉంది, నమోదు ఉచితం. చేరిన 31 రోజుల తర్వాత కూడా అమ్మకపు కాల్స్ వస్తే ఫిర్యాదు చేయొచ్చు. మన పిల్లలకి ప్రత్యేకంగా వచ్చే బెడద ఇంకొకటి: భారత ఎంబసీ నంబర్ తెరమీద కనిపించేలా చేసి, వీసా పత్రాల్లో తప్పుందని డబ్బడిగేవాళ్లు. ఎంబసీ ఇలా ఫోన్‌లో డబ్బడగదు. పెట్టేసి, ఎంబసీ వెబ్‌సైట్‌లో ఉన్న నంబర్‌కి తనే చేసి కనుక్కోమనండి.

ఎవరో ఫోన్ చేసి “మీరే నాకు స్పామ్ కాల్ చేశారు” అని తిడుతున్నారు. నేను చేయలేదు!

ఎవడో మీ నంబర్ తెరమీద కనిపించేలా చేసి కాల్ చేసి ఉంటాడు. మీ సిమ్ కంపెనీకి చెప్పి, ఫిర్యాదు నంబర్ తీసి పెట్టుకోండి. రేపు మీ నంబర్ మీదే ఐదు ఫిర్యాదులు పడి అవుట్‌గోయింగ్ ఆగితే, మీరే ముందు చెప్పారనడానికి అది సాక్ష్యం. తిట్టినాయనకీ ఆ సంగతి చెప్పండి, పాపం ఆయనదీ మన బాధే.